విప్పుదాం, మార్చుదాం, బిల్లేద్దాం!

కారు చంద్రగిరి దాటి తిరుపతి రోడ్డెక్కింది. వేగం 60. యాక్సిలరేటర్ మీద కాలు కదల్లేదు. అయినా బండి కుదుపులిస్తోంది. ఎందుకో చెప్పమని మెకానిక్‌ను అడిగారా? ఇక మీ పని అయిపోయినట్టే!

మెకానిక్ బానెట్ ఎత్తి, నిలబెట్టిన బండిని రయ్యిరయ్యిమనిపిస్తాడు. ‘బాగానే ఉండాది గదా సామీ!’ అంటాడు. నిలబడితే బాగాలేదని ఎవరన్నారు? రోగం రోడ్డు మీద, పరీక్ష షెడ్డులోనా? ఆపైన మొదలవుతుంది పార్టుల పండగ. ప్లగ్గులు మార్చారు. ఫ్యూయల్ ఫిల్టర్ మార్చారు. కాయిల్ మార్చారు. మారనిదల్లా కుదుపు ఒక్కటే. పాత పార్టులేవయ్యా? ‘పారేసినాం సామీ!’

పోనీ, ఏసీ ఉన్న కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్దామా? అక్కడ కాఫీ ఇస్తారు. కంప్యూటర్ తగిలిస్తారు. ‘కోడ్ ఏమీ లేదండీ, నార్మల్’ అంటారు. లోపం ఒక హద్దు దాటితేనే డాష్‌బోర్డు లైటు వెలుగుతుంది. ఆ లోపు వచ్చిన కుదుపులు మన భ్రమా? మన నడుముకు కోడ్ ఉండదు కదా!

నిజానికి ఒకే వేగంలో వచ్చే కుదుపు మరీ అంతుచిక్కని రోగమేం కాదు. పెడల్ ఎక్కువసేపు నిలిచే చోటే పొజిషన్ సెన్సర్ అరిగి ఉండొచ్చు. లోడు పడగానే కాయిల్ మిస్సవుతుండొచ్చు. మసి పట్టిన ఈజీఆర్ వాల్వ్ సరిగా మూసుకోకపోవచ్చు. పెట్రోలు ప్రెషర్ పడిపోతుండొచ్చు. ఆటోమేటిక్ బండైతే టార్క్ కన్వర్టర్ క్లచ్ వణుకుతుండొచ్చు. ఏదో తేలాలంటే స్కానర్ పెట్టి, అదే రోడ్డు మీద, అదే వేగంతో నడిపి, మిస్‌ఫైర్ లెక్క, ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. అంత ఓపిక ఎవరికుంది? మార్చడానికి డబ్బులొస్తాయి. ఆలోచిస్తే ఏమొస్తుంది?

చివరికి అందరూ కలిసి పెట్రోలును దోషిని చేస్తారు. కుదుపుకు పెట్రోల్లో కలిపే ఇథనాలే కారణమని గుడ్డిగా అనలేం. కానీ ట్యాంకులో నీరు చేరితే ఇథనాల్ పెట్రోలును వదిలి నీటితోపాటు అడుక్కి దిగుతుంది, బండి మొరాయిస్తుంది. మరి పాత కారుకు వేరే పెట్రోలేది? పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం మొదట 2030కి. దాన్ని 2025–26కి లాక్కొచ్చారు. పాత రకం కార్ల మైలేజీ 6–7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. పాత బండ్లకు 10 శాతం ఇథనాల్ ఉన్న ఈ10 పెట్రోలు ఉంచాలనీ, నష్టపోయే వినియోగదారుకు పన్ను ఊరట ఆలోచించాలనీ చెప్పింది. ఈ10 ఏ పంపులో ఉంది సారూ? ఊరట ఏ బిల్లులో కనిపించింది? ఇథనాల్ లేని పెట్రోలు ఎంచుకునే వీలు కావాలంటూ వేసిన పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. తలుపులన్నీ మూశాక ‘అపోహలు వద్దు’ అని ఉపదేశమా?

ఇథనాల్ కలిపేది చెరకు రైతు కోసమేనట! మన గాజులమండ్యం, చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతపడి ఏళ్లవుతోంది. ఇక్కడి చెరకు రైతుకు దక్కిందేమిటి, ఉపన్యాసమా?

అడిగేది ఆకాశం కాదు. రోడ్డు మీద నడపకుండా పానా పట్టొద్దు. పాత పార్టు చూపించకుండా బిల్లు చూపించొద్దు. పార్టు మార్చినా కుదుపు పోకపోతే దాని ధర మేం కట్టం. పాత బండికి పనికొచ్చే పెట్రోలు పంపులో పెట్టండి. ఇది కూడా కష్టమేనా? అయితే రోగం మా కారుకు కాదు, మీకే!