పాత కాగితాలు చదివిపెట్టే దళారీ భావూకి

భావూ,

మా చిన్నమ్మ తెచ్చిన పాత ఉర్దూ కాగితం చూసి మీరు ఒక్క మాటలో తేల్చేశారు: "మీ మామగారి పేరు శిక్మీలో ఉంది. ఆయన ఉత్త కౌలుదారు. పొలం మీది కాదు." పని చక్కబెట్టాలంటే ఖర్చవుతుందని చెప్పి అడ్వాన్సు కూడా తీసుకున్నారు. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. మన నాందేడ్ జిల్లా ముద్ఖేడ్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఇలాంటి కాగితాలు ఇంకా ఉన్నాయి. అందుకే ఈ ఉత్తరం నలుగురి ముందూ రాస్తున్నాను.

శిక్మీదారు కౌలుదారు కాదు భావూ. 1317 ఫస్లీ, అంటే 1907-08 నాటి హైదరాబాద్ భూమిశిస్తు చట్టంలోనే ఆ మాటకు అర్థం రాసి ఉంది. పట్టాదారులాగే భూమి మీద హక్కున్నవాడు, లేదా మొదటినుంచీ అతనితో కలిసి స్వాధీనంలో ఉన్నవాడు శిక్మీదారు. అన్న పేరు పట్టాలో, తమ్ముడి పేరు శిక్మీలో ఉన్న కుటుంబాలు ఎన్నో. కౌలు ఇచ్చి వేరేవాళ్ల భూమి దున్నుకునేవాడు వేరు, అతన్ని 'అసామీ శిక్మీ' అన్నారు. చిన్నమ్మ కాగితంలో శిక్మీకి ముందు అసామీ లేదు. నేను వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివించుకున్నాను. ఆ ఒక్క మాట ఉందో లేదో చూడకుండా ఓ ఇంటి హక్కు మీద తీర్పు చెప్పడం అన్యాయం.

నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. ఆ ఏడు నవంబరు 1న జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది, కాలక్రమంలో కాగితాలూ మరాఠీలోకి మారాయి. తాత కాగితం ఉర్దూలో, మనవడి పొలం పత్రమైన సాత్‌బారా మరాఠీలో, ఇంట్లో మాట తెలుగులో. మీ సంపాదన ఈ సందులోంచే వస్తోంది.

ఫేర్‌ఫార్ కాకపోతే పొలం సర్కారుకు పోతుందని కూడా బెదిరిస్తున్నారట. ఫేర్‌ఫార్ అంటే రికార్డులో పేరు మార్పు, అంతే. దానివల్ల హక్కు పుట్టదు, పోదు, అది శిస్తు వసూలుకు పనికొచ్చేదేనని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. అలాగని వదిలేయమనడం లేదు. వారసత్వంగా భూమి వస్తే మూడు నెలల్లో ఊరి రెవెన్యూ ఉద్యోగి అయిన తలాఠీకి తెలపాలని 1966 నాటి మహారాష్ట్ర భూమిశిస్తు చట్టం చెబుతోంది. తలాఠీ దాన్ని రిజిస్టరులో ఎక్కించి, నకలు ఊరి చావడిలో అంటించాలి. అభ్యంతరాలుంటే విని తేల్చాకే అది ఖాయమవుతుంది. ఇందులో దళారీకి చోటెక్కడ?

చదువుతున్న అక్కలకూ, అమ్మలకూ ఒక మాట. పాత కాగితం అసలును ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్స్ ఇవ్వండి. ఎవరైనా ఒక పదం చదివి భయపెడితే, దాని ముందూ వెనకా ఉన్న మాటలూ, ఆ గడి పైనున్న శీర్షికా చదివించుకోండి. కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే, 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. నాందేడ్‌లోని జిల్లా న్యాయ సేవల సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

భావూ, మీకు ఉర్దూ వచ్చు, మోడీ లిపి వచ్చు. ఈ ఊళ్లో అవి రెండూ చదవగలిగినవాళ్లు తగ్గిపోతున్నారు. చదివినందుకు కూలి తీసుకోండి, ఎవరూ కాదనరు. ఉన్నది ఉన్నట్టు చదవండి. చిన్నమ్మ ఇచ్చిన అడ్వాన్సు మాత్రం ఈ వారంలోగా తిరిగి ఇచ్చేయండి.