ఒక్క రౌండేసొస్త

గోదావరిఖనిలో ఏ కాలనీకి పోయినా, కొత్త సైకిల్‌కు చుట్టిన అట్ట ఇంకా విప్పకముందే పసిగట్టి వచ్చే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. వయసు అరవై దాటుతుంది. సింగరేణిలో చేసి దిగిపోయిన మనిషై ఉంటాడు. చేతులు వెనక్కి కట్టుకొని సైకిల్ చుట్టూ తిరుగుతాడు, వెనక టైరును బొటనవేలితో నొక్కుతాడు, అందరూ అడిగే ధర అడగకుండా "ఒక్క రౌండేసొస్త" అంటాడు. సైకిల్ ఇచ్చేదాకా కదలడు. ఇచ్చాక కనబడడు.

మా ఎయిటింక్లైన్ కాలనీలో ఈయన్ని రౌండు కాకా అంటారు. అసలు పేరు రేషన్ కార్డు మీద క్షేమంగా ఉంది. భూగర్భ గనిలో ఓవర్‌మన్‌గా చేశాడు. దిగిపోయిన ఏడాదే డాక్టరు షుగరు చూసి రోజూ సైకిల్ తొక్కమన్నాడు. మంచి సైకిల్ కొనాలని కాకా ఆనాడే నిర్ణయించుకున్నాడు. ఆ నిర్ణయం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

మామూలు మనుషులకు రౌండంటే సందు చివరిదాకా. కాకాకు రౌండంటే మెయిన్ చౌరస్తా, అక్కణ్నుంచి రాజీవ్ రహదారి పట్టుకొని గోదావరి బ్రిడ్జి, మళ్లీ వెనక్కి బీ-పవర్‌హౌస్ గడ్డ, మోకాళ్లు ఒప్పుకుంటే ఎన్టీపీసీ. ఇంత దూరం ఎందుకని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఐదు నిమిషాలకు ఏ సీటైనా మంచిదేరా. గంట తర్వాత అడుగు." ఈ మాటను కాదనడానికి నాకైతే ఏమీ దొరకలేదు. ఎక్కుడు, దిగుడు, గతుకులు, సడన్ బ్రేకు అన్నీ చూడకుండా సైకిల్ కొనేవాడు హ్యాండిల్ రంగును కొంటున్నట్టే లెక్క.

ఈ పట్టింపు ఆయన తరంలో ఎవరికీ లేదు. సింగరేణి కంపెనీ ఆ పేరుతో పుట్టింది 1920 డిసెంబర్ 23న. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు కార్మికుడు బొగ్గు బాయి మీదికి పోయింది కాలినడకన, కాదంటే నల్ల సైకిల్ మీద. ఆ సైకిల్‌కు ఎక్కువగా దొరికిన సైజులు రెండే, ఇరవై రెండు అంగుళాలు, ఇరవై నాలుగు అంగుళాలు. సైకిల్ మనిషికి సరిపోవాలనే ఆలోచన లేదు. మనిషే సైకిల్‌కు సరిపోయేవాడు. సీటు మీద కూర్చుంటే కాలందని వాళ్లు పిరుదులు అటూ ఇటూ జార్చుకుంటూ మొదటి షిఫ్టుకు పోయి మస్టరు వేయించుకునేవాళ్లు. ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురైతే ముగ్గురికీ అదే సైకిల్, అదే ఎత్తు సీటు. కాకా దగ్గర ఇప్పటికీ వాళ్ల నాయన కొన్న అట్లాస్ ఉంది. ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని నిలిపేసింది 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున. "మంచి ముహూర్తమే చూసుకున్నరు" అన్నాడు కాకా పేపరు మడుస్తూ. ఆయన ఆ కంపెనీ గురించి మాట్లాడింది అంతే.

కాకా పరీక్ష పద్ధతి గనిలో నేర్చుకున్నదే. బొగ్గు తీసే చోట పైకప్పును కర్రతో తట్టి చూడాలి. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే మనుషుల్ని వెనక్కి తీసుకురావాలి. షిఫ్టు దిగాక చూసిందంతా రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. మొన్నటి దసరాకు హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ పిల్లగాడు కారు నెత్తిన కార్బన్ రోడ్ బైక్ కట్టుకొని వచ్చాడు. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది. కాకా వేలి కణుపుతో ఫ్రేమును పైనుంచి కిందిదాకా తట్టుకుంటూ వచ్చాడు.

"ఏందిరా ఇది?"

"కార్బన్, కాకా. లక్షకు పైనే."

"లక్ష పెట్టి బొగ్గు కొన్నవా? మనకాడ టన్నుల లెక్కన ఉన్నది గదరా!"

పిల్లగాడు నవ్వాడు గానీ, తట్టి చూడటంలో కాకా తప్పేమీ లేదు. కార్బన్ ఫ్రేము లోపల పొరలు విడిపోతే పైకి కనబడకపోవచ్చు. తడితే మంచి చోట ఒక రకంగా, చెడిన చోట మొద్దుగా పలుకుతుంది. ఆ ఫ్రేములు బాగుచేసేవాళ్లు నాణెంతో తట్టి చూసేది అందుకే.

రౌండు పూర్తయ్యేసరికి గంటన్నర. పిల్లగాడి తల్లి అప్పటికే పోలీస్ స్టేషన్ మాట ఎత్తింది. కాకా దిగీదిగగానే మెడ పట్టుకున్నాడు. "బాయిల తల ఎత్తి చూడకుంటే పైకప్పు మీద పడతది. దీని మీద తల ఎత్తి చూస్తే మెడ విరుగుతది. ఇగ ఎట్ల బతకాలె?" ఆ తర్వాత చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నాడు. ఆ పేజీ నేను చూశాను. "హ్యాండిలు నాలుగు వేళ్లు దూరం. చిటికెన వేలి దిక్కు తిమ్మిరి, బ్రిడ్జి కాడ మొదలు. సీటు మస్తు మెత్తగున్నది, అందుకే పనికిరాదు. మలుపుల చెప్పు కొన ముందు టైరుకు తాకింది. ప్రమాదం. పని ఆపించిన."

మెత్తటి సీటు పనికిరాదన్న మాటకు నవ్వనివాడు లేడు. కానీ అదీ నిజమే. కూర్చున్నప్పుడు బరువంతా రెండు పిరుదెముకల మీద ఉండాలి. సీటు వెడల్పు ఆ ఎముకల ఎడానికి సరిపోవాలి. మరీ మెత్తదైతే ఎముకలు దిగబడి, బరువు పడకూడని చోట పడుతుంది. మిగతాది పెద్దల పత్రికలో కూడా రాయలేం.

ఆ పిల్లగాడికి మోకాలి ముందు నొప్పి అట. కాకా వాణ్ని గోడకు చేయి ఆనించి సీటెక్కించాడు. పెడల్ అన్నిటికంటే కిందికొచ్చినప్పుడు దాని మీద మడమ పెట్టమన్నాడు. కాలు ఇంకా వంగే ఉంది. "సీటు తక్కువున్నది. మడమ పెడితే కాలు సాపుగ రావాలె. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడతవు, అప్పుడు మోకాలు జరంత వంగుతది. అది చాలు. మరీ లేపితే నడుము ఉయ్యాలూగుతది, మోకాలి వెనక గుంజుతది." సీటు వేలెడు పైకి లేచింది. పండుగ అయిపోయేలోపు నొప్పి పోయిందని వాడే వచ్చి చెప్పాడు. వాడి తల్లి మాత్రం ఇంకా కాకాతో మాట్లాడటం లేదు.

లక్ష్మీనగర్‌లో సైకిళ్ల దుకాణదారుకు కాకా అంటే భయమూ, భక్తీ. లాభాల వాటా పడే రోజుల్లో భయం ఎక్కువ. 2024లో సింగరేణి విస్తరణకు తీసిపెట్టగా మిగిలిన లాభాల్లో 33 శాతం కార్మికులకు వచ్చినప్పుడు బజారులో బంగారం, బైకులు, టీవీలతో పాటు సైకిళ్లూ కదిలాయి. పదేళ్ల పిల్లగాడికి పెద్ద సైకిల్ చూపించి "ఎదిగే పిల్లగాడు, రెండేండ్లకు సరిపోతది" అని ఒక తండ్రిని ఒప్పిస్తున్నాడు దుకాణదారు. కాకా గుమ్మంలోంచే అందుకున్నాడు. "ఎదిగేదాంక ఎవరు తొక్కాలె, నువ్వా?" బేరం చెడింది. చిన్న సైకిల్ మీద కుదిరింది. ఆ తండ్రి తర్వాత ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొని వచ్చాడు కాబట్టి దుకాణదారు ఏమీ అనలేకపోయాడు. కాకా రౌండుకు పోయేటప్పుడు పూచీగా పాత అట్లాస్‌ను దుకాణం ముందు పెట్టిపోతాడు. తూకానికి వేస్తే దాని డబ్బుతో కొత్తదాని పెడల్ కూడా రాదు. అయినా ఇద్దరూ దాన్ని చాలా గంభీరంగా ఇచ్చిపుచ్చుకుంటారు.

రెండు సైకిళ్లను పోల్చాలంటే ముందు రెండింటికీ సీటు ఒకే ఎత్తుకు పెడతాడు, టైర్లలో గాలి ఒకే తీరుగా కొడతాడు. మీటరున్న పంపు సంచిలోనే ఉంటుంది. ఒక దానిలో గాలి రాయిలా బిగించి, ఇంకోదానిలో వదులుగా ఉంచి "ఇది మెత్తగా పోతోంది" అనేవాళ్లను చూస్తే ఆయనకు కోపం. సన్నటి ఇరవై మూడు మిల్లీమీటర్ల టైర్లను ముట్టుకోడు. బొగ్గు టిప్పర్లు తిరిగి అంచులు చెదిరిన రోడ్డు మీద కనీసం ఇరవై ఎనిమిది కావాలంటాడు. కొడుకు హైదరాబాద్ తీసుకుపోయి, అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబర్ 1న మొదలైన 23 కిలోమీటర్ల సైకిల్ దారి చూపించాడు. నెత్తిన సోలార్ పలకల నీడ, కింద గచ్చులాంటి రోడ్డు. అద్దె సైకిళ్లు మార్చి మార్చి తొక్కి కాకా తీర్పు చెప్పాడు. "ఈడ అన్ని సైకిళ్లు మంచిగనే ఉన్నయి. మే నెల రామగుండంల తొక్కితే గదా తెలిసేది."

విసిగిపోయి కొడుకే ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాడు. "బాపూ, నీ ఎత్తు ఐదడుగుల తొమ్మిది. చార్టుల యాభై ఆరు సైజు అని ఉన్నది." చార్టుకు ఎత్తు తెలుసు, కాకా తెలియదు. ఆయనకు కాళ్లు పొడుగు, నడుము నుంచి భుజం దాకా పొట్టి. హ్యాండిల్ అందలేదు. సీటు ముందుకు జరిపితే చేతులు సంతోషించాయి, మోకాళ్లు అలిగాయి. హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్ పొట్టిది వేయించాడు. ఇంకా వేలెడు దూరం. తిప్పి పంపుదామంటే అట్టపెట్టె లేదు. కాకా భార్య, మా చిన్నమ్మ, దాన్ని అప్పటికే చింపి బియ్యం సంచుల కింద పరిచింది. "నన్ను జూడవోయిన నాడు చాయ్ సల్లారక ముందే ఒప్పుకున్నడు. గీ ఇనుముకు ఇన్ని వంకలా!" అన్నది.

మనిషికి సరిపడే సైకిల్ దొరకలేదు కాబట్టి, సైకిల్‌కు సరిపడే మనిషిని వెతకడం మొదలుపెట్టాడు కాకా. చౌరస్తా చాయ్ హోటల్లో కూర్చున్నప్పుడు ఎత్తుగా కనబడి, లేస్తే మామూలుగా తేలే మనిషి కావాలి. కనబడ్డవాళ్లందర్నీ "జర లేచి నిలబడు బిడ్డా" అనేవాడు. కొందరు నిలబడ్డారు. ఒకాయన చాయ్ వదిలేసి వెళ్లిపోయాడు. చివరికి ఎన్టీపీసీలో కొత్తగా చేరిన కుర్ర ఇంజినీరు దొరికాడు. కాకా వాడి కాలు కొలిచి, సీటు సరిచేసి, గాలి చూసి, పొద్దున ఆరింటికి రౌండుకు పంపాడు.

ఎనిమిదైంది. కాకా గేటు దగ్గర మూడుసార్లు రోడ్డెక్కి చూశాడు. ఫోను చేశాడు, ఎత్తలేదు. "బ్రిడ్జి మీద టిప్పర్లు ఎక్కువ. పిల్లగానికి చెప్పనేలేదు" అని గొణిగాడు.

చిన్నమ్మ చాయ్ తెచ్చి చేతిలో పెట్టింది. "తాగు. నువ్వైతే తొమ్మిదింటికి గాని వచ్చేటోనివి గాదు."