‘మీదేవూరు?’ మీమాంస

ఏ శాస్త్రకారుడూ ఇంతవరకు పట్టించుకోని ప్రశ్న ఒకటుంది: ‘మీదేవూరు?’ ఎవరైనా ఠక్కున జవాబు చెప్పేస్తారు కదా, దీనికి శాస్త్రమెందుకని పూర్వులు వదిలేసి ఉంటారు. రాయగడ, కోరాపుట్ వైపు తెలుగు పిల్లలు వాళ్లకి తగిలి ఉండరు. అందులోనూ ఒక సెమిస్టరు చదువుకని విదేశం వెళ్లిన పిల్లలు అస్సలు తగిలి ఉండరు.

శాస్త్రమన్నాక ఉదాహరణకి దేవదత్తుడు ఉండాలి. పగలు తినకపోయినా లావుగానే ఉన్నాడు కాబట్టి రాత్రిళ్లు తింటున్నాడని మీమాంసకులు తేల్చింది ఇతని గురించే. హాస్టల్ కుర్రాడని అప్పుడే తెలిసిపోవాల్సింది. మన దేవదత్తుడిది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. జర్మనీలో కెమ్నిట్స్ అనే ఊళ్లో చలికాలం సెమిస్టరుకి వెళ్లాడు. కాగితాల మీద అది అక్టోబరు 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది.

సూత్రం: అడిగేవాడు ఎంత దూరపువాడైతే జవాబు అంత పొట్టి.

భాష్యం: జర్మన్ కుర్రాడికి ‘ఇండియా’ అంటే చాలు, తృప్తిగా తలూపి వెళ్లిపోతాడు. పంజాబీ అమ్మాయికి ‘ఒడిశా’ సరిపోతుంది. భువనేశ్వర్ వాడికి ‘రాయగడ’ అంటే ‘ఓహో, ఆంధ్రా సైడు’ అని తనే సర్దిచెప్పుకుంటాడు. చిక్కల్లా తెలుగువాడితోనే.

తెలుగువాడు తగిలేది వంటగదిలో. పొగ ఉన్నచోట నిప్పు ఉన్నట్టే, పోపు వాసన ఉన్నచోట తెలుగువాడు ఉంటాడని విదేశాల్లో ఒక అనుమాన ప్రమాణం చలామణిలో ఉంది. ఇందులో దోషం లేకపోలేదు. దేవదత్తుడి పెట్టెలో వాళ్లమ్మ సర్దిన పొట్లాల్లో ఒకటి ఉత్త ఆవాలు కాదు, పంచఫుటణ: ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర కలిపిన ఒడియా పోపు. అందులో కరివేపాకు కూడా వేసి కాచుతుంటే గుంటూరు కుర్రాడొకడు గుమ్మంలో ఆగి రెండుసార్లు ముక్కు ఎగబీల్చాడు. కరివేపాకు రమ్మంటోంది, సోంపు అనుమానం పుట్టిస్తోంది.

‘తెలుగేనా బ్రో?’

‘ఆఁ.’

‘ఏ ఊరు?’

‘రాయగడ.’

‘అదెక్కడ?’

‘పార్వతీపురం దాటాక.’

‘ఓ, శ్రీకాకుళమా!’

‘కాదు, ఒడిశా.’

‘మరి తెలుగెలా వచ్చింది?’

ఈపాటికి మూకుట్లో మెంతులు మాడిపోయాయి. జర్మనీలో పొగ ఉన్నచోట నిప్పు మాటెలా ఉన్నా, అలారం మాత్రం తప్పకుండా ఉంటుంది.

పూర్వపక్షం అయింది, ఇక సిద్ధాంతం. తెలుగెలా వచ్చిందని కాదు, ఒడిశా ఎప్పుడొచ్చిందని అడగాలి. 1936 ఏప్రిల్ 1న వచ్చింది. (తేదీ చూసి నవ్వకండి, నిజమే.) అంతకు ముందు రోజు దాకా రాయగడ, కోరాపుట్ జయపురం జమీందారీలోవి. ఆ జమీందారీ మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల విరాళం ఏర్పాటు చేశాడు. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. తీరా చూస్తే కాలేజీ ఇటు మిగిలింది, రాజుగారు అటు మిగిలారు. వాల్తేరు హాస్టల్లో అప్పుడు జయపురం కుర్రాడెవడైనా ఉండి ఉంటే, మార్చి 31 రాత్రి సొంత జిల్లాలో పడుకుని పొద్దున పరాయి ప్రావిన్సులో లేచి ఉంటాడు. వీసా లేదు, విమానం లేదు. విదేశీ సెమిస్టరు ఇంత చవగ్గా మళ్లీ ఎవరికీ దొరకలేదు.

తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ ఎవరు ముందని వాదించుకుంటుంటే, వాళ్లిద్దరికంటే ముందునుంచీ ఆ కొండల్లో ఉన్న కోదులని ఎవరూ ఏమీ అడగరు. అది వేరే శాస్త్రం, అది రాయడానికి నాకు అర్హత లేదు.

ప్రత్యక్ష ప్రమాణం కావాలనేవాళ్లు దేవదత్తుడి ఇంట్లో ట్రంకుపెట్టె తెరవచ్చు. తాతగారు పుట్టింది విశాఖపట్నం జిల్లాలో. నాన్నగారు కోరాపుట్ జిల్లాలో. 1992 అక్టోబరు 2న కోరాపుట్‌ని విడగొట్టారు కాబట్టి దేవదత్తుడు రాయగడ జిల్లాలో. ముగ్గురూ పుట్టింది అదే ఇంట్లో, అదే నడవ పక్క గదిలో. ఇల్లు అంగుళం కూడా కదల్లేదు. వీసా కాగితాలు నింపేటప్పుడు ఏజెంటు అడిగాడట, ‘మీవాళ్లకి ట్రాన్స్‌ఫర్లు ఎక్కువా?’ అని.

గుంటూరు కుర్రాడికి ఇదంతా చెప్పేసరికి అన్నం చల్లారిపోయింది. అతను ఓపిగ్గా విని, ‘అంటే మీరు ఆంధ్రావాళ్లే కదా’ అన్నాడు. సిద్ధాంతాలు ఎదుటివాడి చెవిలోకి వెళ్లాక ఏమవుతాయో శాస్త్రకారులు ముందే రాసిపెట్టాల్సింది.

సూత్రానికి అపవాదం ఒకటుంది. దేవదత్తుడి వాటాకి కింద వాటాలో ఒక ముసలావిడ ఉండేది. జర్మన్ కాబట్టి ‘ఇండియా’తో సరిపెట్టబోయాడు. ఆవిడ ఊరుకోక ఇండియాలో ఎక్కడని అడిగింది. వచ్చీరాని జర్మన్‌లో ఇల్లూ, తాతా, మూడు జిల్లాలూ చెప్పాడు. ఆవిడ మరో ప్రశ్న వెయ్యలేదు. కెమ్నిట్స్‌కి 1953 నుంచి 1990 దాకా కార్ల్‌మార్క్స్ స్టాట్ అని పేరు. ఆవిడ అక్కడే పుట్టింది. పుట్టిన ఊరి పేరు పోయింది, తూర్పు జర్మనీ అనే దేశమూ పోయింది, ఆవిడ మాత్రం అదే వీధిలో ఉంది. అడగడానికి ఆవిడకేం మిగిలింది?

సెమిస్టరు అయ్యాక దేవదత్తుడు రాయగడ స్టేషన్లో దిగాడు. ఎదురొచ్చిన పక్కింటి మావయ్య బ్యాగు అందుకుంటూ, ‘ఏరా, లావయ్యావు. జర్మనీలో ఏ ఊరన్నావు?’ అన్నాడు.

‘కెమ్నిట్స్, మావయ్యా.’

‘అదెక్కడరా?’

దేవదత్తుడు ట్రంకుపెట్టెనీ, కార్ల్‌మార్క్స్‌నీ ఒక్కసారి తల్చుకున్నాడు. బయట ఎండగా ఉంది, ఆటోవాడు తొందర పెడుతున్నాడు.

‘బెర్లిన్ పక్కనే’ అన్నాడు.