చిరిగిన బూటుకు లక్షా నలభై వేలట!

మా రోజుల్లో బూటు చిరిగితే సిగ్గుపడేవాళ్ళం. బొటనవేలు బయటికి తొంగి చూస్తుంటే కాళ్ళు బెంచీ కిందికి లాక్కుని కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఆ చిరుగుకే ధర కట్టి అమ్ముతున్నారు. 2022లో బాలెన్సియాగా అనే ఫ్యాషన్ కంపెనీ ఏం చేసిందో తెలుసా? అంచులు చిరిగిపోయి, మట్టి కొట్టుకుపోయి, కుక్క ఎత్తుకెళ్ళి వదిలేసినట్టున్న గుడ్డ బూట్లు వంద జతలు తయారు చేసి, జత 1,850 డాలర్లకి బజార్లో పెట్టింది. అప్పటి మారకం లెక్కన లక్షా నలభై వేల పైమాట. ఇటలీలో గోల్డెన్ గూస్ అని ఇంకో కంపెనీ ఉంది. కొత్త బూటుకి ముందే మరకలు వేసి, అంచులు అరగదీసి మరీ అమ్ముతారు. అరగదీసిన కూలీ కూడా మనమే ఇచ్చుకోవాలన్నమాట. మా వీధిలో గోలీలాడే కుర్రాళ్ళందరూ ఆ పని ఒక్క వేసవి సెలవుల్లో ఉచితంగా చేసి పెట్టేవాళ్ళు. వాళ్ళనెవరూ ఇటలీ పిలవలేదు.

మా మనవడికి ఇదంతా చెప్తే నవ్వుతాడు. హైదరాబాదులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడి మనసు పడ్డ బూట్లు పద్దెనిమిది వేలు. నేను నోరు తెరిచేలోపే, "తాతయ్యా, అంత పెట్టక్కర్లేదు. అదే బూటు ఫస్ట్ కాపీ రెండు వేలకి దొరుకుతుంది. నువ్వు పక్కపక్కన పెట్టి చూసినా గుర్తుపట్టలేవు" అన్నాడు. నిజమే, నేను గుర్తుపట్టలేను. నాకు అసలుదీ అవసరం లేదు, నకిలీదీ అవసరం లేదు కాబట్టి ఆ పరీక్ష నాకెందుకు?

ఈ ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ వ్యవహారం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పక్కవాడి గుర్తు అతికించి సరుకమ్మడం ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ప్రకారం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. చట్టం సంగతి అలా ఉంచండి, డబ్బు పెట్టినవాడికి ఒరిగేదేమిటి? బిల్లుండదు. సోలు ఊడితే అడిగే దిక్కుండదు. నకిలీ చేసేవాడి శ్రద్ధంతా పైన కనపడే గుర్తు మీదే, కింద మనం నడిచే అట్ట మీద కాదు. గొప్ప కంపెనీ బూటు కొనలేకపోవడం తప్పు కాదు. కొన్నట్టు కనపడాలనుకోవడం దగ్గరే వచ్చింది తంటా.

మా రోజుల్లో ఆ అవకాశమే లేదు. ఊళ్ళో మూడు రకాల చెప్పులుండేవి. పొలం పనికి టైరు చెప్పులు. అరిగిపోయిన లారీ టైరు కోసి, దాని ముక్కలతోనే వార్లు వేసి, మేకులు కొట్టి ఇచ్చేవారు. బరువు చెప్పనక్కర్లేదు. తుమ్మ ముల్లు దిగేది కాదు, బురదకి చెడేది కాదు, దొంగ కూడా ముట్టుకునేవాడు కాదు. లారీ వేల మైళ్ళు తిరిగి వదిలేసిన రబ్బరు మన కాలి కింద ఇంకో పదేళ్ళు తిరిగేది. ఇప్పుడు పాత ప్లాస్టిక్ సీసాలు కరిగించి బూటు చేశామని కంపెనీలు ప్రకటనలిచ్చి, ఆ పుణ్యం ఖరీదు కూడా మన మీదే వేస్తున్నాయి.

రెండో రకం కిర్రు చెప్పులు. తంగేడు చెక్కతో పదును చేసిన తోలు, ఒకదాని మీద ఒకటి అట్టలు వేసి, ఆరెతో పొడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టినవి. మనిషి సందు మలుపులో ఉండగానే అవి కిర్రుమని ఇంట్లోవాళ్ళకి కబురు చెప్పేవి. మా పెదనాన్న చెప్పుల చప్పుడు వినగానే అరుగు మీద పేకాట సర్దేసేవాళ్ళు. కొత్తలో కరిచేవి. ఉంగటం దగ్గర చర్మం లేచిపోయేది. అందుకని కొన్న రాత్రే ఆముదం పట్టించి పెట్టేవారు. నాలుగు రోజులకి తోలు మెత్తబడి మన పాదం అచ్చు దానిమీద పడేది. ఆ తర్వాత అవి ఇంకొకరికి సరిపోయేవి కావు.

మూడోది బాటా వారి తెల్ల కాన్వాసు బూటు. అది బడికి, అదీ డ్రిల్లు ఉన్న రోజున మాత్రమే. తెల్ల పాలిష్ కొనడం దండగని బడిలో సుద్దముక్క నూరి పూసేవాళ్ళం. కాలు పెరుగుతుందని ఒక సైజు పెద్దవి కొని, ముందు భాగంలో పాత ఆంధ్రపత్రిక కాగితం కుక్కి ఇచ్చేవారు. కాలు ఆ కాగితాన్ని బయటికి నెట్టే లోపు బూటే చిరిగేది. బాటా అంటే బెంగాలీవాళ్ళ కంపెనీ అని మా మాస్టారు గట్టిగా వాదించేవారు. అసలు అది ఇప్పటి చెక్ దేశంలోని జ్లీన్ ఊళ్ళో 1894లో పుట్టింది. కలకత్తా దగ్గర కొన్నగర్‌లో 1932లో పని మొదలెట్టి, తర్వాత తన పేరుతో బాటానగర్ అనే ఊరే కట్టుకుంది. ధరేమో ఎప్పుడూ తొంభై అయిదు పైసల దగ్గర ఆగేది. ఆ అయిదు పైసలు వెనక్కి ఇస్తారా ఇవ్వరా అని మా నాన్న కౌంటరు దగ్గర నిలబడి చూసేవారు. ఇచ్చేవారు.

ఆయన చెప్పులు సాయంత్రం పూటే కొనేవారు. పగలంతా తిరిగిన కాలు కాస్త ఉబ్బుతుంది కాబట్టి అప్పుడు సరిపోతేనే నిజంగా సరిపోయినట్టని లెక్క. ఇప్పుడు ఫోనులో కొంటున్నారు, అర్ధరాత్రి పడుకుని. సరిపోకపోతే వెనక్కి పంపడం, మళ్ళీ తెప్పించడం. బూటు మనకన్నా ఎక్కువ ప్రయాణం చేస్తోంది.

మా రోజులన్నీ బంగారమని అనను. ఆ కిర్రు చెప్పులు కుట్టిన మనిషి, పెద్ద కులాల వీధిలోకి వచ్చేసరికి తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవలసిన ఊళ్ళు ఉండేవి. చేసిందతను, తొడుక్కోవడానికి హక్కు లేనిదీ అతనికే. కూలీ కూడా పంట వచ్చాక కొలిచే గింజలే. చవక చవక అని మేం మురిసిపోయిన దాంట్లో అతనికి ఎగ్గొట్టినది ఎంతో ఎవరూ లెక్క వేయలేదు. మా వాళ్ళు పాత రోజులు తలుచుకుని కళ్ళు తుడుచుకునేటప్పుడు ఈ ముక్క ఎత్తితే మాట మార్చేస్తారు.

ఆ చేతి పనికే ఇప్పుడు మిలాన్‌లో వెల పలుకుతోంది. 2025 జూన్‌లో ప్రాడా కంపెనీ మగవాళ్ళ ఫ్యాషన్ షోలో అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివి తొడిగి కుర్రాళ్ళని నడిపించింది. ఎక్కడివో మొదట చెప్పలేదు, తోలు చెప్పులని ఊరుకుంది. మహారాష్ట్రలో గొడవ లేచాక, అవును, భారతీయ హస్తకళ చూసి చేసినవేనని ఒప్పుకుంది. అదే ఏడు డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక తోలు పరిశ్రమల కార్పొరేషన్లతో ఒప్పందం కుదుర్చుకుని, ఇక్కడి పనివాళ్ళ చేత రెండు వేల జతలు చేయించి, జత సుమారు 800 యూరోలకి అమ్ముతామని ప్రకటించింది. ఈ చెప్పుకి 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, రెండు రాష్ట్రాల్లోనూ నాలుగేసి జిల్లాలకి. కొల్హాపూరు బజార్లో వెయ్యి రూపాయలకి అటూ ఇటూ ఇదే చెప్పు, చేత్తో కుట్టినదే, దొరుకుతుంది. మనవడికి ఇది చెప్పాను. "చూశావుట్రా, ఇక్కడ చవకది అసలు, ఖరీదుది నకలు" అన్నాను. వాడు ఈసారి నవ్వలేదు, ఫోనులో వెతికి చూసుకున్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాను. వాడు కలవరించే అడిడాస్ బూట్లు కుట్టే పెద్ద ఫ్యాక్టరీ ఒకటి మన తడ దగ్గర మాంబట్టులోనే ఉంది, తైవాన్ వాళ్ళది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు బస్సులెక్కి వెళ్ళి అక్కడ పని చేసి వస్తారు. మిషను మీద ఆ అమ్మాయి వేసే కుట్టు ఒకటే. దానిమీద పడే ధర మాత్రం ఆటగాడి బొమ్మకి, టీవీ ప్రకటనకి, అద్దాల షోరూము అద్దెకి కలిపి. రంగు మీద కూడా హక్కు కోరేవాళ్ళున్నారు. క్రిస్టియన్ లూబుటాఁ అనే ఆయన ఆడవాళ్ళ హీల్సు అడుగున ఎర్ర రంగు వేసి, ఆ ఎరుపు నాదేనని కోర్టుకెక్కాడు. పైభాగం వేరే రంగులో ఉంటే ఎర్ర అడుగు ఆయన గుర్తేనని 2012లో అమెరికా అప్పీలు కోర్టు ఒప్పుకుంది కూడా. మన ఇళ్ళలో గడపలకి పసుపు రాసే ఆడవాళ్ళకి ఈ తెలివి రాలేదు.

పైగా మనకెందుకండీ అంత బూటు? ఇంటి గుమ్మం ముందు విప్పాలి. గుళ్ళో విప్పాలి. పెళ్ళిలో అక్షింతలు వేయడానికి మండపమెక్కాలంటే విప్పాలి. పద్దెనిమిది వేల బూటు మూడొంతుల ఆయుష్షు అపార్ట్‌మెంటు వరండాలో, పక్కింటివాళ్ళ చెత్తబుట్ట పక్కన గడుస్తుంది. గుడికి వెళ్తే ప్రదక్షిణ చేస్తున్నంతసేపూ దేవుడి మీద కంటే చెప్పుల స్టాండు మీదే చూపు. నేను హవాయి చెప్పులేసుకుని వెళ్తాను, నిశ్చింతగా మూడు ప్రదక్షిణలు చేసి వస్తాను.

సరే, సణుగుడు చాలు. ఎలా కొనాలి మరి అంటారా? బూటుకి గుర్తు పైన కాదు, కింద చూడాలి. సోలు అంచు వెంట కుట్టు ఉందా, లేక జిగురుతో అతికించారా? గుడ్‌ఇయర్ వెల్ట్ అని ఒక పద్ధతి ఉంది. తోలు పట్టీ ఒకటి చుట్టూ కుట్టి, దానికి సోలు కుడతారు. అరిగితే కుట్లు విప్పి కొత్త సోలు వేయించుకోవచ్చు, పైభాగం చెక్కుచెదరదు. విదేశీ కంపెనీలకి ఈ రకం బూట్లు చేసి పంపేవాళ్ళు ఆంబూరు, ఆగ్రాల్లో ఉన్నారు. అలాంటి వాళ్ళు సొంత పేరుతో ఇక్కడ అమ్మేవి వేలల్లో ఉంటాయి, లక్షల్లో కాదు. తోలు దగ్గర 'జెన్యూన్ లెదర్' ముద్ర చూసి మోసపోకండి. తోలు పై పొర తీసేశాక మిగిలిన అడుగు పొరకి రంగు పూత పూసినా ఆ ముద్ర వేస్తారు. బూటు ముందు భాగం కాస్త వంచి చూస్తే మంచి తోలుకి సన్నని ముడతలు పడి పోతాయి, పూత పూసినదానికి ప్లాస్టిక్ షీటులా మడత నిలబడిపోతుంది.

డిస్కౌంటు సేల్లో ఇంకో ప్రమాదం ఉంది, ఇది ఎవరూ చెప్పరు. మా అల్లుడు పేరున్న కంపెనీ బూట్లు సగం ధరకి వచ్చాయని కొని, శుభకార్యాలకని డబ్బాలోనే దాచాడు. మేనకోడలి పెళ్ళికి తొడుక్కుని వెళ్ళాడు. కల్యాణమండపం మెట్లెక్కేసరికి సోలు పొడిపొడిగా రాలడం మొదలైంది. పురోహితుడితో సహా అందరూ వెనక్కి తిరిగి చూశారు. కారణం ఆ పీయూ సోలు, అంటే పాలీయురేథేన్. గాలిలో తేమకి అది లోపల్లోపలే కట్టు విడిపోతుంది, వాడినా వాడకపోయినా. మన కోస్తా ఉక్కలో మరీ తొందరగా. కాబట్టి సేల్లో కొనేటప్పుడు డబ్బా మీద ధర పక్కనే అచ్చయి ఉండే తయారీ నెల, సంవత్సరం చూడండి. మూడు నాలుగేళ్ళ పాత సరుకైతే ఎంత తగ్గించినా వద్దు. రబ్బరు సోలుకి ఈ జబ్బు లేదు.

రోజూ ఆఫీసుకి, కాలేజీకి నడవడానికి రెండు వేల లోపు బూటు చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండున్నర వేల దాకా జతకి జీఎస్‌టీ 5 శాతమే, అది దాటితే 18 శాతం. మనవడికి ఈ లెక్క బాగా నచ్చింది. తాత సణుగుడు కంటే ప్రభుత్వం సణుగుడు వాడికి ఎక్కువ నమ్మకం.

చివరికి వాడు ఏ గుర్తూ లేని నల్ల తోలు బూటు కొన్నాడు, కుట్టు సోలుది. ఆర్నెల్లకి మడమ అరిగింది. "తాతయ్యా, ఇది ఎక్కడ బాగుచేస్తారు?" అని అడిగాడు. నాకు సమాధానం రావడానికి కాసేపు పట్టింది. మా బజారులో ఒకప్పుడు వరసగా కూర్చునేవాళ్ళు, ముందు ఇనుప పాదం, పక్కన నీళ్ళ డబ్బా, ఆరెలు, రంగు డబ్బీలు పెట్టుకుని. ఇప్పుడు బ్యాంకు గోడ వార చిరిగిన గొడుగు కింద ఒక్కడున్నాడు. అతని కొడుకు ఈ పనిలోకి రాలేదు, ఎందుకు రావాలి? రోజంతా ఎండలో కూర్చుని రెండొందలు సంపాదించడానికా? ఆ మడమకి కొత్త రబ్బరు వేసి, రెండు పక్కలా కుట్టి, పాలిష్ పట్టి తొంభై రూపాయలు అడిగాడు. పక్కనే నిలబడ్డ ఒకాయన, పన్నెండు వేల బూటు కాలికున్నవాడు, తన పట్టీ కుట్టినందుకు ముప్ఫై అడిగితే ఇరవై ఇస్తానని బేరమాడుతున్నాడు.

మీకు చేసే మనవి ఒక్కటే. ఈసారి మీ బూటు సోలు ఊడినప్పుడు ఫోను తీసి కొత్తది వెతకకండి. మీ బజారు మలుపులో గొడుగు కింద అలాంటి మనిషి ఇంకా ఉన్నాడేమో చూడండి. ఉంటే బాగు చేయించుకుని, అడిగినంతా ఇచ్చి రండి.