ఒక్క రూపాయి ఇంక్రిమెంటు

జీతం పెంచొద్దు మహాప్రభో అని యజమాని కాళ్లావేళ్లా పడే ఉద్యోగిని ఎక్కడైనా చూశారా? మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలాంటివాడు పుట్టడానికి చట్టం పూర్తి వెసులుబాటు కల్పించింది.

నెలకు సరిగ్గా 15,000 రూపాయలు తీసుకునే ఓ షాపు కుర్రాడి సంగతే చూడండి. అతని మీద వృత్తి పన్ను సున్నా. పండక్కి షావుకారు మనసు కరిగి ఓ వంద పెంచాడు. జీతం 15,100 అయింది. పదిహేను వేలు దాటింది కాబట్టి వృత్తి పన్ను కింద 150 కోత. చేతికొచ్చేది 14,950. పెంచిన షావుకారుకి వంద ఖర్చు, పెంపు అందుకున్న కుర్రాడికి యాభై నష్టం, పెంపులో వేలైనా పెట్టని సర్కారుకి నూటయాభై లాభం. ఒక్క రూపాయే పెంచినా కోత అంతే. వచ్చే పండక్కి ఆ కుర్రాడు బోనస్ బదులు స్వీటు డబ్బా చాలంటాడు.

గీత దాటించి పట్టుకోవడంలో ఇంత చురుగ్గా ఉన్న చట్టం, కాస్త పైకి వెళ్లేసరికి ఆయాసపడి కూర్చుంటుంది. 20 వేల దాకా 150, ఆపైన 200. అంతే, ఇక స్లాబుల్లేవు. నెలకు 21 వేలు తెచ్చుకునే రిసెప్షనిస్టుకీ 200, అదే ఆఫీసులో అద్దాల గదిలో కూర్చుని నెలకు 21 లక్షలు తెచ్చుకునే పెద్దాయనకీ 200. సమసమాజం కోసం ఊరేగింపులు తీసినవాళ్లంతా ఓసారి పే స్లిప్పు తిరగేస్తే బాగుండేది. అది కోతల కాలమ్‌లో ఎప్పుడో వచ్చేసింది.

ఇందులో తప్పంతా రాష్ట్రాలదే అనడానికి లేదు. ఒక మనిషి దగ్గర ఏడాదికి ఇంతకు మించి వృత్తి పన్ను వసూలు చేయకూడదని రాజ్యాంగం 276వ అధికరణలో రాసిపెట్టారు. మొదట ఆ పరిమితి 250 రూపాయలు. 1988లో అరవయ్యో సవరణతో 2,500 చేశారు. ఆ తర్వాత దాన్ని తాకినవాడు లేడు. అప్పట్లో పార్లమెంటు సభ్యుడి జీతం నెలకు 1,500. ఇప్పుడు 1,24,000. సవరణ బిల్లులు పాసు చేయడం చేతకాక కాదు, ఏ బిల్లు ముందు పాసు చేయాలో తెలిసినవాళ్లు కాబట్టి. పద్నాలుగో ఆర్థిక సంఘం ఈ పరిమితిని 12,000 చేయండి అని సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు ఇప్పటికీ సిఫార్సే.

అసలు విడ్డూరం వేరే ఉంది. ఆదాయం మీద పన్ను వేసే హక్కు కేంద్రానిది. జీతాన్ని బట్టి లెక్కగట్టి, జీతంలోంచి కోసే ఈ పన్ను మరేమిటని ఎవరైనా కోర్టుకి ఎక్కుతారేమోనని రాజ్యాంగమే ముందు జాగ్రత్త పడింది. ఆదాయానికి సంబంధించిన పన్ను అన్న సాకుతో ఈ చట్టాలు చెల్లకుండా పోవని అదే అధికరణలో చెప్పేసింది. ఫలితం చూడండి. 2025-26 నుంచి కొత్త విధానంలో ఏడాదికి 12 లక్షల దాకా ఆదాయపు పన్ను కట్టక్కర్లేదని ఢిల్లీ అంటోంది. నెలకు లక్ష వచ్చేవాడు దాని దృష్టిలో ఆదుకోవలసిన మధ్యతరగతి జీవి. మన రాష్ట్రాల దృష్టిలో నెలకు 15,001 వచ్చేవాడు ఖజానాని ఆదుకోవలసిన మారాజు. పైగా పాత విధానంలో కట్టిన వృత్తి పన్నుని ఆదాయంలోంచి మినహాయిస్తారు. కొత్త విధానంలో ఆ ముచ్చట కూడా లేదు.

ఇక కట్టించే బాధ్యత ఎవరిది? జీతం ఇచ్చే పాపం మూటగట్టుకున్నవాడిది. ప్లైవుడ్ షాపు నడిపే మా బావకి ఆడిటర్ గారు ఈ జ్ఞానబోధ చేస్తుంటే నేను పక్కనే ఉన్నాను.

“మీ స్టాఫ్ తరఫున రిజిస్ట్రేషన్ తీసుకోవాలండీ. ఏ స్లాబులో ఎంతమంది ఉన్నారో లెక్కేసి, కోసిన డబ్బు మరుసటి నెల పదో తేదీలోగా కట్టి రిటర్ను వేయాలి.”

“కుర్రాళ్లు పాపం, కోయనండీ. వదిలేస్తాను.”

“మీరు కోసినా కోయకపోయినా కట్టాల్సింది మీరే. చట్టం అలాగే రాశారు.”

“బేసిక్ తక్కువ చూపించి, మిగతాది అలవెన్సు అంటే?”

“క్రమం తప్పకుండా ఇచ్చేదంతా జీతమేనండీ. డీఏ అన్నా, అలవెన్సు అన్నా.”

“మరి ఇంత చాకిరీ చేసినందుకు నాకు కమీషనెంత?”

ఆడిటర్ గారు కళ్లజోడు సర్దుకున్నారు. “కమీషనా! మీ సొంతానికి ఎన్‌రోల్‌మెంట్ వేరే ఉంది. మీ టర్నోవరుకి ఏడాదికి 2,500 పడుతుంది.”

లెక్క తేలింది. నూటయాభై స్లాబులో ఆరుగురు, రెండొందల స్లాబులో మేనేజరు, వెరసి నెలకు 1,100. అది కట్టిపెట్టడానికి ఆడిటర్ గారి ఫీజు 1,500. సర్కారుకి వచ్చేదానికంటే సర్కారుకి చేర్చే ఖర్చెక్కువ. మా బావ నోట మాట రాలేదు. ఆయన నోరు మూయించగలిగిన మొదటి చట్టం ఇదేనని మా అక్క సంబరపడింది.

బావకి చెన్నైలో బ్రాంచి లేకపోవడం అదృష్టం. అక్కడ ఈ పన్ను ఆరు నెలలకోసారి స్థానిక సంస్థలకు కట్టాలి. కర్ణాటకలో 25 వేల లోపు జీతానికి కోత లేదు. మహారాష్ట్రలో ఆడవాళ్లకు 25 వేల దాకా మినహాయింపు. ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో అసలీ పన్నే లేదు. గురుగ్రామ్‌లో, నోయిడాలో లక్షలు తెచ్చుకునేవాడు చేసేది వృత్తి కాదు కాబోలు. మహారాష్ట్రవాళ్లు లెక్కల్లో మహా గట్టివాళ్లు. పన్నెండు రెండొందలు 2,400, పరిమితికి వంద తగ్గుతోందని గ్రహించి, ఫిబ్రవరిలో మాత్రం 300 కోస్తారు. మన దగ్గర ఆ వంద ఇంకా వదిలేస్తున్నారు. ఇది చదివే అధికారులెవరైనా ఉంటే ఈ రెండు వాక్యాలు దాటేసి చదవాలని మనవి.

అన్నట్టు, ఈ చట్టం 1987లో ఉమ్మడి రాష్ట్రంలో చేసింది. విభజన తర్వాత తెలంగాణ దాన్నే తెచ్చుకుని వాడుకుంటోంది. నాగార్జునసాగర్ గేట్ల దగ్గర రెండు రాష్ట్రాల పోలీసులూ ఎదురెదురుగా మోహరించారు. ఉమ్మడి సంస్థల ఆస్తుల పంచాయితీ ఏళ్లూపూళ్లూ నడిచింది. ఆ నూటయాభై, రెండొందల దగ్గర మాత్రం పేచీ లేదు. 2013లో ఉమ్మడిగా గీసిన ఆ గీతల్ని అన్నదమ్ములిద్దరూ భక్తిగా కాపాడుకుంటున్నారు. అప్పట్లో 15 వేలంటే ఓ మాదిరి ఉద్యోగం. ఇవాళ అపార్టుమెంటు వాచ్‌మన్ కూడా ఆ గీత అవతలకి వచ్చేశాడు.

యజమానులకి ఒక మాట. పదో తేదీ దాటితే వడ్డీ, జరిమానా మీ జేబులోంచే పోతాయి. కుర్రాడి జీతం 15 వేల దగ్గరుంటే వందా రెండొందలూ పెంచకండి. పెంచితే ఓ వెయ్యి పెంచండి, లేదంటే మీ దయ అతనికి నష్టం. ఇక ఏలినవారికి: పై పరిమితి మార్చాలంటే రాజ్యాంగ సవరణ కావాలి, అది మీ చేతుల్లో లేదు, ఒప్పుకుంటాం. అడుగు గీత జరపడానికి మాత్రం ఢిల్లీ వెళ్లక్కర్లేదు, ఒక్క జీవో చాలు. 2013లో చేసింది జీవోతోనే.