బిడ్ కెపాసిటీ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: 2ఏఎన్ − బీ

అవతారిక. గ్రంథకర్త ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల శాఖ. గ్రంథం 2003 జూలై 1 నాటి 94వ నంబరు జీవో. అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు, కాంట్రాక్టరు. ప్రయోజనం టెండరు. లైసెన్సు చేతికి రాగానే కాంట్రాక్టరు అయిపోయానని మురిసేవాడికి గ్రంథకర్త చెప్పేదేమంటే, అది గుమ్మం మాత్రమే. ఐదో తరగతి లైసెన్సుకు 10 లక్షల వరకు, మొదటి తరగతికి 10 కోట్ల వరకు, ఆపైన స్పెషల్ క్లాసు అని అప్పట్లో హద్దులు గీశారు. చిన్నా చితకా పనులకు ఆ తరగతి చాలు. ఏలూరు జిల్లాలో తమ్మిలేరు గట్టు పటిష్ఠం చేయాలన్నా, దెందులూరు నుంచి కొల్లేటి లంకల దాకా రోడ్డు వేయాలన్నా, అంటే పని కాస్త పెద్దదైతే, తరగతితో పాటు ఈ సూత్రమూ దాటాలి. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాతల్లో పెద్దవాడైన మల్లినాథుడు మాటిచ్చాడు. ఇక్కడి చిక్కల్లా మూలంలో లేనిదాని గురించే కాబట్టి, ఆ నియమాన్ని చివరిదాకా పాటిస్తానని ఈ టీకాకారుడు మాటివ్వలేడు.

ప్రతిపదార్థం. 2 = రెండింతలు; ఏ = గడచిన ఐదేళ్లలో బాగా కలిసొచ్చిన ఒక్క ఏడాది చేసిన సివిల్ పనుల మొత్తం విలువ; ఎన్ = ఇప్పుడు టెండరు వేస్తున్న పనికి ఇచ్చిన గడువు, సంవత్సరాల లెక్కన; − = అందులోంచి తీసివేయగా; బీ = ఆ గడువులోనే పూర్తి చేయాల్సి ఉన్న, ఇప్పటికే ఒప్పుకున్న పనుల విలువ; (శేషం) = మిగిలినది; (అంచనా విలువకు) = టెండరు పిలిచిన పని విలువకు; (మించవలెను) = మించితేనే బిడ్డు నిలుస్తుంది. తాత్పర్యం. ఒకడు తన మంచి ఏడాదిలో కోటి రూపాయల పని చేశాడనుకుందాం. కొత్త పనికి గడువు ఆరు నెలలు. రెండు కోట్లలో సగం కోటి. చేతిలో 40 లక్షల పని ఉంది. మిగిలింది 60 లక్షలు. అరవై, ఆ పైబడిన పని జోలికి అతడు వెళ్లకూడదు. ఒకసారి కోటి లాగినవాడు కష్టపడితే రెండు కోట్లు లాగగలడన్న నమ్మకమే ఆ మొదటి అంకెకు అర్థం. సర్కారు కాగితాల్లో ఇంతటి ఆశావాదం ఇంకెక్కడా కనపడదు.

పూర్వపక్షం. ఇది అన్యోన్యాశ్రయ దోషమని కొత్తగా లైసెన్సు తీసినవాళ్లంతా అంటారు. పని చేస్తే గాని ఏ పుట్టదు, ఏ ఉంటే గాని పని రాదు. ఏ సున్నా అయితే దాన్ని రెండు పెట్టి గుణించినా, ఎన్ పెట్టి గుణించినా శూన్యమే, శూన్యవాది నాగార్జునుడు ఒప్పుకునే లెక్క. వినడానికి గట్టిగా ఉన్నా ఈ వాదం నిలవదు. కింది తరగతుల్లోని చిన్న పనులు ఉన్నదే ఆ ఏ పుట్టించుకోవడానికి. ఆ మెట్లు ఎక్కిన వాళ్లు లేకపోలేదు. 1989లో చిన్న సంస్థగా మొదలైన మేఘా ఇంజనీరింగ్ 2015లో పట్టిసీమ ఎత్తిపోతలు కట్టింది, 2019లో పోలవరం ప్రధాన పనులు చేపట్టింది. పట్టిసీమ నీళ్లు పోలవరం కుడి కాలువలో ఏలూరు జిల్లా మీదుగానే కృష్ణకు పోతున్నాయి. మెట్లున్నాయి, కొందరు ఎక్కుతున్నారు. కాబట్టి సూత్రం తలుపు మూసిందన్న ఫిర్యాదును ఇక్కడితో వదిలేద్దాం. అసలు దోషం వేరే చోట ఉంది.

సిద్ధాంతం. ఈ సూత్రంలో ఎంత చేశాడన్నదానికి అక్షరం ఉంది, ఎన్నాళ్లలో చేయాలన్నదానికి ఉంది, ఇంకా ఎంత మిగిలిందన్నదానికి ఉంది. ఎలా చేశాడన్నదానికి లేదు. రెండు వానాకాలాలు తిరగకుండానే కంకర తేలిన రోడ్డూ, పదేళ్లు నిలిచిన రోడ్డూ ఏలోకి ఒకే ధరకు చేరతాయి. దెందులూరు పరిసరాల్లో ఇది ఒట్టి తర్కం కాదు. జాతీయ రహదారికి ఉత్తరాన పెదవేగి వైపు మెరక, ఎర్రనేల, పామాయిల్ తోటలు. అక్కడ గ్రావెల్ పరిచి రోలరు తిప్పితే గట్టిపడుతుంది. దక్షిణాన కొల్లేటి వైపు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బెత్తెడు పగుళ్లిస్తుంది. దాని మీద నీళ్లు కారుతూ ఐసుపెట్టెలతో చేపల లారీలు. రోడ్డు అంచు దిగువన చెరువు. నీటిమట్టం మారినప్పుడల్లా గట్టుతో పాటు అంచూ జారుతుంది. ఈ రెండు నేలల మీదా వేసినది 'రోడ్డు పని' అనే ఒకే పేరుతో అనుభవ పత్రంలోకి ఎక్కుతుంది. మెరకలో సంపాదించిన ఏ పట్టుకుని లంకలో టెండరు వేస్తే సూత్రం కిమ్మనదు.

ఇంతకన్నా లోతైన చిక్కు, ఆ ఏ ఎవరిదన్నది. లైసెన్సు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది, చేతిపని మేస్త్రీది కావడం ఈ వృత్తిలో వింతేమీ కాదు. రాతపూర్వక అనుమతి లేకుండా పని వేరొకరికి అప్పజెప్పకూడదని ఒప్పందాల్లో ఉంటుంది. లైసెన్సు అరువివ్వడానికి అనుమతి ఎవరూ అడగరు. బిల్లు లైసెన్సు పేరిట పాస్ అవుతుంది, సర్టిఫికెట్ లైసెన్సు పేరిట వస్తుంది, ఏ లైసెన్సుకే పెరుగుతుంది. కాంక్రీటులో నీళ్లు ఎక్కువయ్యాయని తాపీ మీది జారుడు చూసి చెప్పగల మేస్త్రీ ఇరవై ఏళ్లు పనిచేసినా, సొంతంగా టెండరు వేయబోతే అతని ఏ సున్నా. సైటు మొహం చూడని లైసెన్సుదారుడి ఏ కోట్లు. అంటే ఏ కొలిచేది మనిషి సామర్థ్యాన్ని కాదు, ఒక పేరు మీదుగా నడిచిన డబ్బుని. ముందుగా పూర్వపక్షం చేసిన కొత్తవాళ్ల కోపంలో నిజం ఉన్నది ఇక్కడే, వాళ్లు దాన్ని వేరే చోట వెతుక్కున్నారు.

గ్రంథాంతర సంవాదం. అమెరికాలోని కాలిఫోర్నియాలో జనరల్ కాంట్రాక్టరు లైసెన్సు కావాలంటే గత పదేళ్లలో నాలుగేళ్లు పనితనం వచ్చిన పనివాడి స్థాయిలోనో అంతకు పైనో పనిచేసినట్టు రుజువు చూపాలి. సాధారణంగా చట్టం మీద ఒకటి, వృత్తి మీద ఒకటి, రెండు పరీక్షలు రాయాలి. సంస్థ పేరిట లైసెన్సు తీసినా అర్హత చూపేవాడు ఒక మనిషి అయి ఉండాలి. లైసెన్సు బోర్డు తీసుకున్న క్రమశిక్షణ చర్యలు లైసెన్సు నంబరు కొట్టి ఎవరైనా చూడవచ్చు. విచిత్రంగా అక్కడా ఏ, బీ ఉన్నాయి: ఏ అంటే రోడ్లు, వంతెనల వంటివి కట్టే లైసెన్సు, బీ అంటే భవనాలది. ఆ పద్ధతిలో అన్నీ బాగున్నాయని కాదు. ప్రశ్న ఎవరిని అడుగుతున్నారన్నదే తేడా. అక్కడ మనిషిని అడుగుతారు, ఇక్కడ ఖాతాను అడుగుతాం.

ఆక్షేపం. నాణ్యతను అంకెల్లో పెట్టలేం, అందుకే సూత్రకారుడు డబ్బు పట్టుకున్నాడు అంటారు. ఇది మూలం సరిగా చదవనివాళ్ల మాట. అదే జీవో కాంట్రాక్టరు బిల్లుల్లోంచి 7.5 శాతం డిపాజిట్టుగా పట్టి ఉంచమంటుంది. పని అయ్యాక రెండేళ్లు లోపాల బాధ్యత కాలం. ఈలోగా పగుళ్లొస్తే సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఏ పనికి ఆ డబ్బు చెక్కుచెదరకుండా వెనక్కి వెళ్లింది, దేనికి నోటీసిచ్చి మరమ్మతు చేయించాల్సి వచ్చింది అన్నది డివిజన్ ఆఫీసు కాగితాల్లో ఉండే సంగతే. నాణ్యతకు అంకె సర్కారు దగ్గరే ఉంది, దాన్ని టెండరు గది దాకా తేలేదు. సైటులో తీసిన క్యూబు పరీక్ష ఉంది కదా అని ఇంకొకరు అంటారు. పదిహేను సెంటీమీటర్ల ఆ క్యూబు 28 రోజులు నీళ్లలో నాని ప్రెస్సు కింద బలం చూపే మాట నిజమే. క్యూబులో పోసిందీ రోడ్డులో పోసిందీ ఒకటేనా అన్న విచారణ మాత్రం ద్వైతులకూ అద్వైతులకూ వదిలేయాలి. రెండేళ్ల తరవాత లారీల కింద మిగిలిన రోడ్డుకు ఆ సందేహం లేదు.

ఇక గట్టి ఆక్షేపం. డబ్బు లెక్కను వంచలేం, మంచి చెడ్డల మార్కు ఇచ్చే అధికారం ఆఫీసు చేతిలో పెడితే అదే కొత్త మామూలు అవుతుంది. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ తెచ్చినది టెండరు పెట్టె చుట్టూ చేతులు తగ్గించడానికే. కానీ ఏ ఇప్పుడు ఆకాశం నుంచి దిగడం లేదు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ) సంతకం చేసిన సర్టిఫికెట్‌లోంచి వస్తోంది. బీని బిడ్డరే రాసిస్తాడు, దాని కిందా ఇంజనీరు సంతకమే. సంతకాల మీదే నడిచే సూత్రానికి ఇంకో సంతకం కొత్త పాపం కాదు. పైగా ఇక్కడ ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు, మార్కులు వేయనూ అక్కర్లేదు. పూర్తయిన పనుల్లో ఎన్నింటికి డిపాజిట్టు కోత, నోటీసు లేకుండా తిరిగి వెళ్లిందో ఆ భాగం చాలు.

కాబట్టి మూలాన్ని దిద్దే అధికారం లేని టీకాకారుడు పాఠాంతరం మాత్రం చూపుతున్నాడు: 2ఏఎన్‌క్యూ − బీ. క్యూ = రెండేళ్లు నిలిచిన పనుల వంతు. పదింట ఎనిమిది నిలిస్తే 0.8. పైన చెప్పిన కోటి రూపాయల కాంట్రాక్టరుకు కోటి బదులు 80 లక్షలు, అందులో బీ పోగా 40 లక్షలు. రోడ్డు వైపు చూడకుండానే డిపాజిట్టు తిరిగిచ్చేస్తే క్యూ కూడా బూటకమే కదా అంటే, అవును. అందుకే గడువు తీరిన నాడు రోడ్డు చూసి సంతకం పెట్టేవాడు పని చేయించిన ఇంజనీర్లు (ఏఈ, డీఈ) కాకుండా వేరే డివిజన్ వాడై ఉండాలి, చూసిన తేదీ, ఫొటో కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్ ఫైలులోనే చేరాలి. ఏ పనిని ఏ మేస్త్రీ చేశాడో ఆ ఫైలులోనే ఒక గడి ఉంటే, నాలుగేళ్ల తరవాత అతడు ఐదో తరగతికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు చూపించడానికి అతని దగ్గరా ఒక కాగితం ఉంటుంది.