సోమవారం విశ్రాంతి

ఆంధ్రులు ఆరంభశూరులని పాత నింద ఒకటుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక అది కృష్ణ దాటి వెళ్లిపోయిందనుకున్నాం. ఎక్కడికీ పోలేదు. మడమకు మెత్తటి బూట్లు తొడుక్కుని నెక్లెస్ రోడ్డు మీదే తిరుగుతోంది.

2011లో మొదలైన హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు ఆఖర్లో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఫ్లైఓవర్లెక్కి దిగే 42 కిలోమీటర్లు. అది పరిగెత్తేవాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా ఏప్రిల్లో ‘ప్లాన్ షురూ’ అని స్టేటస్ పెట్టేవాళ్ల మీద. ఇప్పుడు ఉస్మాన్‌గంజ్ దుకాణాల్లోకీ ఆ గాలి సోకింది.

మాకు తెలిసిన కిరాణా హోల్‌సేల్ సేటు కొడుకు గల్లా ముందు కూర్చునే ప్రకటించాడు: “ఇయ్యాల్టి నుంచి ట్రైనింగ్ అన్నా.” ఎంత ఉరికినవంటే, “సోమవారం కదా, రెస్ట్” అని ఫోన్ ముందుకు తోశాడు. అబద్ధం కాదు. అమెరికా పరుగు రచయిత హాల్ హిగ్డన్ కొత్తవాళ్ల కోసం రాసిన 18 వారాల పట్టికలో సోమవారం గడి నిండా విశ్రాంతే. మొత్తం పట్టికలో మావాడు వంద శాతం అమలు చేసిన గడి అదొక్కటే.

హిగ్డన్‌ని తప్పుపట్టలేం. అక్టోబరులో జరిగే చికాగో మారథాన్‌కి ఆ లెక్క బాగానే కుదురుతుంది. ఆగస్టు ఆఖరి నుంచి వెనక్కి 18 వారాలు లెక్కపెట్టి చూడండి, ఏప్రిల్ మూడో వారంలో తేలతారు. శనివారం పొడుగు పరుగు 16 కిలోమీటర్లకు చేరేసరికి రోహిణి కార్తె తలుపు తడుతుంది. రోళ్లు పగిలే ఆ ఎండ గురించి చికాగో పట్టికలో గడి లేదు.

పోనీ తెల్లవారుజామునే ఉరుకుదామంటే ఉస్మాన్‌గంజ్ అప్పటికే లేచి కూర్చుంటుంది. సందుకి అడ్డంగా డీసీఎం, దాని వెనక ఆటో ట్రాలీ, ఫుట్‌పాత్ ఉండాల్సిన చోట బెల్లం బస్తాలు. ఉరుకుతుంటే దీర్ఘంగా శ్వాస తీసుకోవాల్సిందే. మిర్చి బస్తాలు దింపుతున్న చోట ఒక్కసారి తీసి చూడండి, ఆ వారం గడులన్నీ దగ్గుతోనే నిండిపోతాయి. అందుకని మావాడు కారులో నెక్లెస్ రోడ్డుకి వెళ్తాడు. పరుగు దొరికే చోటికి పరుగు కోసం కారు. సరేలే.

గంజ్‌లో ఎవరికైనా చెప్పకుండానే అర్థమయ్యే సంగతి ఒకటుంది ఈ పందెంలో. 1908 లండన్ ఒలింపిక్స్‌లో మారథాన్‌ని విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టించి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించారు. 26 మైళ్లు అసలు, చివరి 385 గజాలు కొసరు. 1921లో ఆ కొసరుతో సహా తూకం ఖాయం చేశారు. ఆనాటి నుంచి ప్రపంచమంతా బేరమాడకుండా మోస్తోంది.

అసలు గమ్మత్తు వేరే ఉంది. హిగ్డన్ పట్టిక తు.చ. తప్పకుండా పాటించినా అత్యధిక దూరం 20 మైళ్లే, అంటే 32 కిలోమీటర్లు. చివరి పది దేవుడి మీద భారం. ఏళ్ల తరబడి ఉరికినవాడికి ఆ నమ్మకం చెల్లుతుంది. సోమవారాలు మాత్రమే పాటించినవాడికి?

ఇక్కడ వాట్సాప్ మేధావి అడ్డొస్తాడు. “మన హమాలీని చూడండి, యాభై కిలోల బస్తా, కాళ్లకి చెప్పుల్లేవు, ప్లాన్ ఉందా ఆయనకి?” అని. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో అబెబె బికిలా ఉత్త కాళ్లతో గెలిచాడని దానికో తోక. బికిలా అంతకుముందు కోచ్ దగ్గర కఠినంగా సాధన చేశాడన్న ముక్క మాత్రం ఫార్వర్డ్‌లో ఉండదు. ఈ పొగడ్త రాసినవాణ్ణి బస్తాకో రూపాయి పెంచమని అడగండి, కాంటా వైపు చూస్తాడు. శిక్షణ అంటే ఒంటిని అలవనిచ్చి, మళ్లీ కోలుకోనివ్వడం. హమాలీ బతుకులో మొదటి సగమే ఉంది. నడుం పట్టేసిన రోజే ఆయనకి సెలవు, ఆ రోజు కూలీ లేదు. ఆయన్ని క్రీడాకారుడని పొగడటం కన్నా మాట్లాడకుండా ఉండటం మర్యాద.

మళ్లీ మన వీరులకి వద్దాం. పందేనికి రెండు మూడు రోజుల ముందు దట్టించాల్సిన కార్బోహైడ్రేట్లు వీళ్లు మొదటి వారం నుంచే ఉస్మానియా బిస్కెట్ల రూపంలో దట్టిస్తారు. ఆఖరి మూడు వారాల్లో మొదలవ్వాల్సిన తగ్గింపు మే నెలలోనే మొదలవుతుంది. జూన్‌లో ఫుల్ కాస్తా హాఫ్ అవుతుంది. జూలైలో బోనాలు, వాన, మోకాలు, మరదలి పెళ్లి కలిసొచ్చి హాఫ్ 10కె అవుతుంది. ఆగస్టులో 5కె, “పిల్లలతో సరదాగా” అనే వివరణతో.

పతకం కావాలంటే గీత దాటాలి. టీషర్టుకి ఆ షరతు లేదు, రుసుం కడితే చాలు. సోమవారం పొద్దున గంజ్‌లో ఆ టీషర్టు వేసుకుని బేరం చేస్తున్న వీరుణ్ణి “ఎంతసేపట్ల ఉరికినవ్ సేటూ?” అని ఎవరైనా అడిగితే జవాబు తడుముకోడు.

“ముంబైది జనవరిల ఉంది. మస్తు టైమున్నది.”